రేపు ఏ బండి నడుపుతారో అడిగి చేర్చుకున్న డ్రైవింగ్ స్కూలు

బెంగళూరులో మారతహళ్లి, మున్నెకొళాల చుట్టుపక్కల డ్రైవింగ్ స్కూళ్లకు కొదవ లేదు. చాలా చోట్ల "బైకా, కారా, రెండూనా?" అని అడిగి ఫీజు చెప్పేస్తారు. ఒకచోటయితే క్లాసులకు రాకపోయినా లైసెన్సు ఇప్పిస్తామన్నారు. అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. నేను చేరిన స్కూల్లో సారు మాత్రం "అక్కా, రేపు మీరు నడపబోయే బండి ఏది?" అని అడిగారు.

నాది కర్రీ పాయింట్. ఇప్పటికి క్యారియర్లు స్కూటరు మీద వెళ్తున్నాయి, ముందుముందు టాటా ఏస్ అనే చిన్న సరుకుల బండి కొనాలని ఉంది. ఆ మాట వినగానే ఆయన నాకు కావలసినవన్నీ కాగితం మీద రాసి చూపించారు. ఆంధ్ర సరిహద్దు దగ్గరి చింతామణి వైపు మనిషి కాబట్టి అంతా తెలుగులోనే. గేర్లు లేని బండికి మాత్రమే లైసెన్సు తీసుకుంటే గేర్ల బైకు ముట్టుకోకూడదు. గేర్ల బైకుకు తీసుకుంటే స్కూటరూ నడపవచ్చు. కారుకిచ్చే ఎల్.ఎం.వి. (తేలికపాటి వాహనాల) లైసెన్సు ఉంటే, సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు దాటని చిన్న రవాణా బండికీ అదే చాలు. ఆ లైసెన్సుతో రవాణా బండి నడపవచ్చా లేదా అన్న వివాదాన్ని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. టాటా ఏస్ ఆ పరిమితికి చాలా కిందే ఉంటుంది. "ట్రాన్స్‌పోర్టుకని విడిగా డబ్బు కట్టకండి" అని తన ఆదాయం తానే వదులుకున్న మనిషిని నమ్మకుండా ఎలా ఉంటాం?

పదహారు నిండిన మా అబ్బాయికీ స్కూటరు లైసెన్సు అడిగాను. ఆ వయసుకు 50 సీసీ దాటని బండికే అనుమతి అనీ, మా ఇంట్లో ఉన్న 110 సీసీకి 18 నిండాల్సిందేననీ ఖరాఖండీగా చెప్పారు.

ఇక నేర్పడం. కుందలహళ్లి అండర్‌పాస్ ఎక్కుడులో ముందు బస్సు, వెనక క్యాబులు. బండి ఆగింది. సారు వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి, కానీ ఆయన కాళ్లు వెనక్కి లాక్కుని "హాఫ్ క్లచ్ పట్టండి, అంటే సగమే వదిలి ఉంచండి, బానెట్ కొంచెం వణికేదాకా ఆగండి, అప్పుడు హ్యాండ్‌బ్రేకు వదలండి" అన్నారు. వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి, ఆయన గొంతు పెరగలేదు. బండి ఒక్క అంగుళమైనా వెనక్కి జారకుండా ఎక్కింది. ఇప్పుడు ఏ ఫ్లైఓవరన్నా నాకు భయం లేదు.

లోపాలూ ఉన్నాయి. నేర్పే కారు పాతది, ఏసీ పనిచేయదు. ఆడ శిక్షకులు లేరు. ఉదయం ఒకే కారులో ముగ్గురిని ఎక్కిస్తారు, స్టీరింగ్ చేతికొచ్చేసరికి సగం సమయం అయిపోతుంది. కారుకు కనీసం 21 రోజుల శిక్షణ, అందులో 10 గంటలు స్వయంగా నడపడం ఉండాలని నిబంధన. అడిగితే రిజిస్టరు తీసి నా గంటలు లెక్కగట్టి, తక్కువైనవి ఆదివారాలు నేర్పారు. అడగని వాళ్లకు ఆ గంటలు దక్కుతాయో లేదో అనుమానమే, చేరేవాళ్లు మొదటి వారంలోనే రిజిస్టరు చూపించమనండి.

లారీ, బస్సు ఇక్కడ నేర్పరు. వాటికి వేరే చోటు వెతుక్కోవాలి, అదీ ఎల్.ఎం.వి. వచ్చి ఏడాది గడిచాకే. మా కొట్లో పనిచేసే అమ్మాయిని వచ్చే నెల ఇక్కడే చేర్పిస్తున్నాను, గేర్ల బైకు లైసెన్సుకే.