బర్డ్ నాలుగు గొంతుల మాస్: ఏ రికార్డింగ్ మేలు?

ఇంగ్లిష్ స్వరకర్త విలియం బర్డ్ రాసిన నాలుగు గొంతుల మాస్ మొదట నాలుగు పల్చటి పుస్తకాలుగా అచ్చయింది. ఒక్కో గొంతుకు ఒక్కో పుస్తకం. ముఖపత్రం లేదు, అచ్చు వేసినవారి పేరు లేదు, సంవత్సరం లేదు. అచ్చు దిమ్మెల అరుగుదలను బట్టి అది 1592–93 నాటిదని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అంత గుట్టు ఎందుకంటే, మాస్ అంటే మన తెలుగు కతోలికులు దివ్యబలిపూజ అనేదే; అందులో పాడే ప్రార్థనలకు కట్టిన సంగీతానికీ అదే పేరు. మొదటి ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లండ్‌లో ఆ పూజ నేరం. కతోలిక గురువుకు ఇంట్లో చోటిస్తే మరణశిక్ష కూడా పడేది. బర్డ్ కతోలికుడు, పైగా రాణిగారి ఆస్థాన ప్రార్థనా బృందమైన చాపెల్ రాయల్‌లోనే ఉద్యోగి. ఆయన ఈ సంగీతం రాసింది పెద్ద చర్చి కోసం కాదు. ఎసెక్స్‌లోని పీటర్ కుటుంబం లాంటి కతోలికుల ఇళ్లలో, తలుపులు మూసుకుని పాడుకునే కొద్దిమంది కోసం.

ఏ రికార్డింగ్ వినాలని అడిగితే నేను ముందు ఆ గదినే తలుచుకుంటాను. ముఖ్యంగా మూడున్నాయి: డేవిడ్ విల్‌కాక్స్ నడిపిన కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ బృందానిది, పీటర్ ఫిలిప్స్ నడిపే ట్యాలిస్ స్కాలర్స్ 1984లో విడుదల చేసింది, హిలియర్డ్ ఆన్సాంబుల్ అనే బృందానిది.

కింగ్స్ కాలేజీ రికార్డింగ్‌లో పై గొంతు చిన్నపిల్లలది. వాళ్లు పాడే ఆ కాలేజీ చాపెల్, అంటే ప్రార్థనా మందిరం, పొడవు 289 అడుగులు, పైకప్పు దాదాపు 80 అడుగుల ఎత్తు. పాడిన ప్రతి మాటా రాతి కప్పుకు తగిలి, తర్వాతి మాట మీదికి వచ్చి పడుతుంది. వినడానికి ఎంతో హాయిగా ఉంటుంది, కాదనను. కానీ ఎవరు ఎప్పుడు అందుకున్నారో చెవికి పట్టదు. పైగా అది ఆంగ్లికన్ చాపెల్, అంటే కతోలికుల నుంచి విడిపోయిన ఇంగ్లండ్ చర్చిది. బర్డ్ బతికుండగా ఈ మాస్ అక్కడ పాడే మాటే లేదు. బర్డ్ కాలపు మరో స్వరకర్త ట్యాలిస్ రాసిన నలభై గొంతుల స్పెమ్ ఇన్ ఆలియమ్‌ అయితే లెక్క వేరు. ఐదేసి గొంతుల చొప్పున ఎనిమిది బృందాలు పాడేదానికి అంత ప్రతిధ్వని ఉంటేనే అందం. నాలుగు గొంతుల మాస్‌కు మాత్రం అది బరువు.

ట్యాలిస్ స్కాలర్స్ చిన్న బృందం, మామూలుగా గొంతుకు ఇద్దరు. పై గొంతు స్త్రీలది, గమకం లేని తిన్నని స్వరం. నాలుగు గీతలూ విడివిడిగా తెలుస్తాయి, అయినా నాలుగూ కలిసిన నిండుదనం తగ్గదు. కర్ణాటక సంగీతంలో ఒకే గాత్రాన్ని, దాని వెంట నడిచే వయొలిన్‌ను వినడానికి అలవాటైన మనకు, నాలుగు సమానమైన గొంతులు ఒకేసారి వేర్వేరు దారుల్లో పోతుంటే మొదట తికమకగా ఉంటుంది. అందుకే మొదటిసారి వినేవారికి నేను ఇదే ఇస్తాను. పైగొంతును వదిలేసి, పైనుంచి మూడో గొంతైన టెనర్‌ను ఒక్కదాన్నే పట్టుకుని వినమంటాను. రెండు మూడు సార్లకు మిగతావి వాటంతట అవే విడిపోతాయి.

నేను మళ్లీ మళ్లీ వినేది మాత్రం హిలియర్డ్‌దే. అందరూ మగవాళ్లు, గొంతుకు ఒక్కరే, పై గీత పాడేది కౌంటర్‌టెనర్, అంటే ఆడగొంతంత ఎత్తులో పాడే మగవాడు. ఒక్కరే పాడుతున్నప్పుడు మాట వెనక మనిషి వినిపిస్తాడు. ఊపిరి తీసుకోవడం, ఒక మాటను కొంచెం ముందుకు తోయడం, పక్కవాడి కోసం ఆగడం, అన్నీ తెలుస్తాయి. క్రెడో అనే విశ్వాస ప్రకటనలో ‘కతోలిక శ్రీసభను విశ్వసిస్తున్నాను’ అనే చోట నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ రోజుల్లో ఆ మాట పైకి అనడానికి ఎంత ధైర్యం కావాలో ఒంటి గొంతులోనే నాకు బాగా తెలుస్తుంది.

చివరి భాగం ఆగ్నుస్ దేయి. తెలుగు పూజలో ‘గొర్రెపిల్ల’ అని పిలుస్తూ వేడుకునే ప్రార్థన ఇదే. బర్డ్ దాన్ని రెండు గొంతులతో మొదలుపెట్టి, తర్వాత మూడు చేసి, ఆఖరున నలుగురినీ కలుపుతాడు. అక్కడ ‘దోనా నోబిస్ పాచెమ్’, మాకు శాంతి నివ్వు అనే వేడుకోలు. ఒక గొంతు తన స్వరం మీదే నిలబడి ఉండగా ఇంకొకటి దాని పక్క స్వరానికి వచ్చి ఒరుసుకుంటుంది. నిలబడింది ఒక మెట్టు దిగుతుంది. కాస్త ఊరట. వెంటనే మరో జత దగ్గర మళ్లీ అదే ఒరిపిడి. కింగ్స్ చాపెల్‌లో ఈ ఒరిపిడి ప్రతిధ్వనిలో మెత్తబడిపోతుంది. ట్యాలిస్ స్కాలర్స్ దగ్గర శుభ్రంగా, కొంచెం చల్లగా ఉంటుంది. హిలియర్డ్ దగ్గర నొప్పి పెడుతుంది. శాంతిని అడుగుతున్నవాళ్లకు అది ఇంకా దొరకలేదని ఆ నొప్పి వల్లే నాకు తెలిసింది.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం పెట్టకండి, అన్నిటికన్నా కిందిదైన బాస్ గొంతు మాయమై మూడు గొంతుల పాటైపోతుంది. మంచి ఇయర్‌ఫోన్స్ చాలు, సౌండ్ తక్కువగానే ఉంచండి. మాస్ మొత్తం అరగంట కూడా పట్టదు. ఆటోప్లే ముందే ఆపేసుకోండి. ఆ చివరి స్వరం ఆగాక వెంటనే ఇంకో పాట వస్తే తట్టుకోవడం కష్టం.