ఇంగ్లీషు హల్లుల పట్టిక: ఏళ్ల తరబడి వాడిన మీదట

విజయనగరం జిల్లాలో చీపురుపల్లి వైపు ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. తరగతి గోడకు తగిలించుకునే ఇంగ్లీషు హల్లుల పట్టికను చాలా ఏళ్లుగా వాడుతున్నాను. అది కొనదగ్గదేనా అని కొత్తగా చేరిన ఉపాధ్యాయులు తరచూ అడుగుతారు. తప్పకుండా కొనండి. కానీ పై వరుసతో మొదలుపెట్టి కిందికి చెప్పుకుంటూ పోకండి. మన పిల్లలకు అసలు పని పడేది ఊష్మాల వరుసలో, అంటే స, శ లాగా ఇరుకు సందులోంచి గాలి ఒరుసుకుంటూ వచ్చే ధ్వనుల వరుసలో. పాఠం అక్కడే మొదలుకావాలి.

ముందు పట్టిక సంగతి. ఇందులో 24 హల్లు ధ్వనులు, ఒక్కోదానికి ఒక్కో గుర్తు ఉంటాయి. అడ్డంగా చూస్తే ధ్వని నోటిలో ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది: పెదవులు, పళ్లు, చిగురు, అంగిలి, గొంతు. నిలువుగా చూస్తే గాలిని ఎలా అడ్డుకుంటున్నామో తెలుస్తుంది. ఒకే గడిలో రెండు గుర్తులుంటే ఎడమది శ్వాసం (గొంతు అదరకుండా పలికేది), కుడిది నాదం (గొంతు అదిరేది). ఈ మూడూ చెబితే ఏ హల్లయినా గుర్తుపట్టవచ్చు. నాదం, రెండు పెదవులు, స్పర్శం (గాలిని పూర్తిగా ఆపి వదిలేది) అనగానే పిల్లలు ‘బ’ అని అరుస్తారు. గుర్తులు 1886లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘానివి.

తెలుగు వ్యాకరణం కాస్త చదివినవారికి ఇది పరాయి విద్య కాదు. కచటతపలు పరుషాలు, గజడదబలు సరళాలు అని నేర్చుకున్న పిల్లవాడికి శ్వాసం, నాదం వేరే చెప్పనక్కరలేదు. మన వర్గాలు గొంతు దగ్గర మొదలై పెదవుల దగ్గర ముగుస్తాయి, పట్టిక పెదవుల నుంచి గొంతుకు నడుస్తుంది. ఆ ఒక్క తేడా చెబితే స్పర్శాల వరుస చాలామందికి ఒక్క పీరియడులో వచ్చేస్తుంది.

చిక్కు ఆ తరువాతే. ఇంగ్లీషులో స్పర్శాలు 6, చ, జ లాంటివి 2, ఊష్మాలు ఏకంగా 9. మన లెక్క ఇందుకు తలకిందులు. స్పర్శాలకు మనకు వర్గాలకు వర్గాలే ఉన్నాయి. ఊష్మాలంటే శ, ష, స, హ, వాటికి తోడు ఫోను, కాఫీ లాంటి మాటలతో వచ్చిన ఫ. థింక్‌లో మొదటి ధ్వని, దిస్‌లో మొదటి ధ్వని, వ్యాన్‌లో మొదటిది, జీబ్రాలో మొదటిది, మెజర్ అనే మాట నడుమ వచ్చేది, ఈ ఐదింటికీ మనకు సరిపడే అక్షరం లేదు. దగ్గరలో ఉన్న అక్షరాన్ని పిల్లలు అక్కడ పెట్టేస్తారు. అది వాళ్ల తప్పు కాదు. తెలియని ధ్వనిని తెలిసిన ధ్వనిగానే చెవి పట్టుకుంటుంది.

జీబ్రాలోని ధ్వనిని నేను ‘స’ నుంచి రప్పిస్తాను. పిల్లలు రెండు వేళ్లు గొంతు మీద ఆనించుకుని ‘స్స్స్’ అని సాగదీయాలి. వేళ్లకు ఏమీ తెలియదు. నాలుకను అక్కడి నుంచి కదల్చకుండా, ఊపిరి ఆపకుండా, గొంతులో నాదం కలపమంటాను. వేళ్ల కింద గొంతు అదురుతుంది, తుమ్మెద రొద లాంటి ధ్వని వస్తుంది. అదే జెడ్. ఇప్పుడు ‘జ’ను అలాగే సాగదీయమంటే కుదరదు, ఎందుకంటే ‘జ’కు నాలుక పైకి తగిలి గాలిని ఒక్క క్షణం మూసేస్తుంది. ఆ తేడా నోటితో తెలుసుకున్న పిల్లవాడు ‘జూ’ అనే మాటను మళ్లీ పాత పద్ధతిలో పలకడానికి ఇష్టపడడు. ఇదే కిటుకుతో ‘శ’కు నాదం కలిపితే మెజర్ నడిమి ధ్వని, ఫోనులోని ‘ఫ’కు కలిపితే వ్యాన్ మొదటి ధ్వని వస్తాయి. పట్టికలో ఈ జంటలు పక్కపక్కనే ఉంటాయి. నాకు దానిమీద అంత గౌరవం కలగడానికి కారణం ఈ అమరికే.

థింక్‌కు పరీక్ష ఇంకా సులువు. ఊపిరి ఉన్నంతసేపు సాగితే ఊష్మం, సాగకపోతే స్పర్శం. ‘థ’ సాగదు. నాలుక కొనను పై పళ్ల అంచుకు తేలికగా చేర్చి, సందులోంచి గాలి పోనిస్తే కావలసిన ధ్వని సాగుతూ వస్తుంది. వీ, డబ్ల్యూల తేడాకు మాత్రం అద్దం కావాలి. వీకి పై పళ్లు కింది పెదవిని తాకాలి, డబ్ల్యూకు పెదవులు గుండ్రం కావాలి, పళ్లు తగలకూడదు. మన ‘వ’ ఈ రెండింటికీ నడుమ ఉంటుంది కాబట్టి చెవిని నమ్ముకుంటే లాభం లేదు.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది, పట్టికలో ఊపిరి కనిపించదు. ఒత్తి పలికే అచ్చుకు ముందు, మాట మొదట్లో ప, ట, క ధ్వనులు వస్తే ఇంగ్లీషువారు వాటిని గాలి విసురుతో పలుకుతారు. సన్నని కాగితం ముక్కను పెదవుల ముందు పట్టుకుని పిన్ అంటే కాగితం ఎగరాలి, స్పిన్ అంటే కదలకూడదు. మన పిల్లలు రెండింటిలోనూ తెలుగు ‘ప’నే పలుకుతారు, కాగితం కదలదు. మాట మొదట్లోని ‘బ’ను ఇంగ్లీషువారు బలమైన నాదంతో పలకరు, అందువల్ల గాలి విసురు లేని పిన్ వాళ్ల చెవికి బిన్‌లా వినిపించే ప్రమాదం ఉంది. ఇంత ముఖ్యమైన విషయానికి పట్టికలో ఒక్క గుర్తూ లేదు. పక్కన నేనే రాసి అంటించుకున్నాను.

రెండోది, టీ, డీ ధ్వనులు. పట్టిక వాటిని పై పళ్ల వెనుక చిగురు గడిలో సరిగానే పెట్టింది. కానీ మన ట, డలకు నాలుక వెనక్కు మడుచుకుంటుంది కదా, దాన్ని ముందుకు తెచ్చుకోవాలని చెప్పేవాళ్లు లేకపోతే ఆ గడి వల్ల ఉపయోగం లేదు. ఆర్ కూడా అంతే. నాలుకను అదిరించే ‘ర’కు వాడాల్సిన గుర్తునే ముద్రణ సౌలభ్యం కోసం ఇంగ్లీషు ఆర్‌కు వేశారు, నిజానికి ఆ ఆర్‌కు నాలుక ఎక్కడా తగలదు. ఇయర్ అంటే చెవి, యియర్ అంటే సంవత్సరం, ఈ రెండింటినీ ఒకేలా పలికే మన అలవాటు గురించి కూడా పట్టిక ఏమీ చెప్పదు.

అక్షరాలుండగా ఈ గుర్తులెందుకని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. క్యాట్‌లో, సిటీలో, ఓషన్‌లో ఒకే సీ అక్షరం మూడు ధ్వనులుగా పలుకుతుందని బోర్డు మీద చూపిస్తాను. గిడుగు వెంకట రామమూర్తి గారి సంగతీ చెబుతాను. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, లిపి లేని సవర భాషను చెవితో పట్టుకుని వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారాయన. మన పక్క ఊళ్ల మనిషి చేసిన పని అని తెలిస్తే పిల్లలు గుర్తులకు భయపడరు.

బహువచనాలకు ఈ పట్టిక చేసే మేలు నేను కొన్నప్పుడు ఊహించనిది. క్యాట్స్‌లో చివర స, డాగ్స్‌లో జెడ్, బస్సెస్‌లో ఇజ్. ముందున్న ధ్వని శ్వాసమా, నాదమా, బుసకొట్టేదా అని పట్టికలో చూసుకుంటే చాలు, జాబితాలు బట్టీ పట్టనక్కరలేదు.

కొనేవారు మెరిసే ఫ్లెక్సీ కాకుండా మెరుపు లేని కాగితం మీద అచ్చువేసింది తీసుకోండి. కిటికీ వెలుగు పడితే ఫ్లెక్సీ మీది గుర్తులు వెనుక బెంచీలకు కనిపించవు. సొంతంగా నేర్చుకునేవారికి పట్టిక ఒక్కటే చాలదు. ఉచ్చారణ వినిపించే నిఘంటువును ఫోనులో పెట్టుకుని, ఊష్మాల వరుసలోని ప్రతి ధ్వనినీ ఒక మాటలో ముందు విని, ఆ తరువాతే అద్దం ముందు పలకండి.