డీజిల్ హీటర్ అంటుకోవట్లేదా? గ్లో ప్లగ్, బర్నర్, వైరు: ముందు ఏది చూడటం మేలు?

హైదరాబాద్‌లో హీటర్ అంటే గీజరే. మహా అయితే డిసెంబర్‌లో పెద్దవాళ్ళ మంచం పక్కన పెట్టే ఎర్ర రాడ్ల హీటర్. డీజిల్ క్యాబిన్ హీటర్, అంటే డీజిల్ మండించి బండి లోపలి గాలిని వేడిచేసే పెట్టె, ఇక్కడ నాలాంటి కొద్దిమందికే పని. బాలానగర్‌లో వ్యాన్లకు కరెంటు పని చేసే చిన్న షెడ్డు నాది. క్యాంపర్ వ్యాన్ కట్టించుకుని స్పితికో లద్దాఖ్‌కో బయల్దేరేవాళ్ళు చలి మొదలవగానే ఫోన్లు చేస్తుంటారు. వాళ్ళకు తోడు మా మేనల్లుడు. ఇంగ్లండ్‌లో ఇంటి అద్దెలు కట్టలేక కాలవలో కట్టేసిన నేరోబోట్‌లో, అంటే సన్నటి పొడుగు పడవలో కాపురం పెట్టాడు. అందరి ప్రశ్నా ఒకటే: “ఫ్యాన్ తిరుగుతోంది, పంపు టక్‌టక్ అంటోంది, అంటుకోవట్లేదు. గ్లో ప్లగ్ కొనాలా, బర్నర్ విప్పాలా?” గ్లో ప్లగ్ అంటే కరెంటుతో ఎర్రగా కాలి డీజిల్‌ని అంటించే చిన్న పుల్ల, బర్నర్ అంటే ఆ డీజిల్ మండే గది.

వైరు సంగతి ఒక్కరూ అడగరు. అందుకే ఇక్కడ ఎక్కువ దాని గురించే రాస్తున్నాను.

స్క్రూడ్రైవర్ తీసే ముందు బయటికి వెళ్ళి పొగ గొట్టం దగ్గర నిలబడండి. తెల్లటి పొగ, కళ్ళు మండించే పచ్చి డీజిల్ వాసన వస్తుంటే ఆయిల్ చేరుతోంది, వేడి చాలట్లేదు. పొగే లేకపోతే ఆయిలే చేరట్లేదు. ఈ రెండోదైతే మీ గొడవ ట్యాంకు వైపు, దాని గురించి చివర్లో నాలుగు ముక్కలు రాశాను. మొదటిదైతేనే ఈ మూడింటిలో ఏది అన్న ప్రశ్న. ఇంకో మాట, అంటుకోవట్లేదని పదిసార్లు స్విచ్ నొక్కకండి. నొక్కిన ప్రతిసారీ ఇంకాస్త డీజిల్ లోపల చేరుతుంది. చివరికి అంటుకున్న రోజు వచ్చే పొగ చూసి పక్కింటివాళ్ళు ఫైరింజన్‌కి ఫోన్ చేస్తారు.

వైరు

12 వోల్టుల హీటర్ అంటుకునే రెండు మూడు నిమిషాలే కరెంటు గట్టిగా లాగుతుంది, 8 నుంచి 10 ఆంపియర్ల దాకా. అదంతా గ్లో ప్లగ్ తాగేదే. మంట నిలబడ్డాక ఒకటి రెండు ఆంపియర్లతో రాత్రంతా నడుస్తుంది. అంటే వైరుకి పరీక్ష ఆ మూడు నిమిషాలే. మనం మీటర్ పెట్టేదేమో హీటర్ ఆపేసి! కరెంటు పారనప్పుడు ఎంత కుళ్ళిన జాయింట్ అయినా 12.5 చూపిస్తుంది. “వోల్టేజీ బాగానే ఉంది సార్” అని నాతో చెప్పిన ప్రతివాళ్ళూ అలా చూసినవాళ్ళే.

మొన్న డిసెంబర్‌లో రాత్రి రెండున్నరకి మేనల్లుడి వీడియో కాల్. అక్కడ తొమ్మిది. రెండు స్వెట్టర్లు, తలకి మంకీ క్యాప్. “మామా, ఇంజన్ నడుస్తున్నప్పుడు అంటుకుంటుంది. ఆపేస్తే అంటుకోదు. గ్లో ప్లగ్ ఆర్డర్ పెట్టేశా.”

ఆ మొదటి రెండు వాక్యాల్లోనే జబ్బు ఉంది. ఇంజన్ నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ 14 వోల్టులు ఇస్తుంది కాబట్టి దారిలో రెండు పోయినా హీటర్‌కి 12 మిగులుతుంది. ఇంజన్ ఆపితే మొదలే పన్నెండు, అందులో రెండు పోతే మిగిలేది పది. చాలా హీటర్లు 10.5 దగ్గరే లో వోల్టేజీ అని చేతులెత్తేస్తాయి. ఎత్తకపోయినా లాభం లేదు, వోల్టేజీ పన్నెండు నుంచి పదికి పడితే ప్లగ్‌లో పుట్టే వేడి దాదాపు 30 శాతం పడిపోతుంది. కంట్రోలర్ కొంత సర్దుతుంది కానీ అసలు లేని కరెంటుని ఎక్కణ్ణుంచి తెస్తుంది?

హీటర్ ఆన్ చేయించి, ప్లగ్ వేడెక్కుతుండగానే మీటర్ పెట్టమన్నాను. బ్యాటరీ మీద 12.1. హీటర్‌కి వైరు తగిలే కనెక్టర్ దగ్గర 10.2. బ్యాటరీలు పడవ వెనక, హీటర్ ఏడు మీటర్ల ముందు, మధ్యలో 2.5 స్క్వేర్ ఎంఎం వైరు. మన ఇళ్ళలో ప్లగ్ పాయింట్లకి లాగేది అదే సైజు. ఇంట్లో 230 వోల్టుల్లో ఒకటి పోతే ఎవరికీ తెలియదు, 12 వోల్టుల్లో ఒకటి పోతే సంసారం మునుగుతుంది. పోనూ రానూ 14 మీటర్లు, పది ఆంపియర్లు, లెక్కేస్తే వైరులోనే ఒక వోల్టు పోతోంది. మిగతా 0.9 వోల్టు ఎక్కడ పోతోంది? ఫ్యూజ్ హోల్డర్‌ని వేలితో ముట్టుకోమన్నాను. “మామా, కాలుతోంది.” మూత తీస్తే ఒక కాలు దగ్గర ప్లాస్టిక్ టీ డికాషన్ రంగుకి తిరిగింది, వైరు కొసకి నొక్కి బిగించే క్రింపు మీద పచ్చటి చిలుము. నీళ్ళ మీద ఉండే పడవలో చిలుము పట్టడం వింతేమీ కాదు.

మరుసటి శనివారం 6 స్క్వేర్ ఎంఎం వైరు, కొత్త ఫ్యూజ్ హోల్డర్ వేశాడు. పడవకి కాబట్టి కళాయి పూసిన సన్న పోగుల తీగే తీసుకోమన్నాను. ఒంటి తీగ వైరు ఇంటి గోడలోకి సరే, ఊగే బండికీ పడవకీ పనికిరాదు. అదే పది ఆంపియర్లకి ఇప్పుడు వైరులో పోయేది 0.4 వోల్టు. ఇంజన్ ఆపేసి స్విచ్ నొక్కితే మొదటిసారికే అంటుకుంది.

వ్యాన్లలో దూరం తక్కువే కదా అంటారు. నిజమే, కానీ చాలా కిట్లలో వచ్చే వైరింగ్ సన్నం, దానికి మనవాళ్ళు పాత వైరు ముక్క మెలిపెట్టి అతికి టేపు చుడతారు. నా తప్పు కూడా చెప్తాను. కొన్నేళ్ళ కిందట ఒక కుటుంబం వ్యాన్‌ని షెడ్డులో రెండుసార్లు స్టార్ట్ చేసి చూపించి పంపాను. స్పితిలో మొదటి రాత్రే అంటుకోలేదు, పిల్లలతో సహా వ్యాన్ వదిలి హోటల్ గదికి పరిగెత్తారు. బాలానగర్‌లో 30 డిగ్రీల ఎండలో ఏ హీటరైనా అంటుకుంటుంది. గడ్డకట్టే చలిలో బ్యాటరీ శక్తి తగ్గుతుంది, ప్లగ్ వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, అప్పుడు ఆ పోయే ఒక్క వోల్టే ప్రాణం తీస్తుంది. అప్పటినుంచి ప్లగ్ వేడెక్కేటప్పుడు హీటర్ దగ్గర 11.5 చూడకుండా ఏ బండినీ గేటు దాటనివ్వను. ఈ అంకె పుస్తకంలోది కాదు, నేను పెట్టుకున్నది.

గ్లో ప్లగ్

ప్లగ్గులు పోవని కాదు. హీటర్ దగ్గర వోల్టేజీ సరిగ్గా ఉండీ తెల్ల పొగ వస్తోందంటే అప్పుడు అనుమానం దీని మీదికే పోవాలి. ప్లగ్ వైరు ఊడదీసి మీటర్ ఓమ్స్‌లో పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు బాగున్న ప్లగ్ ఒక ఓమ్‌కి అటూ ఇటూగా, ఇంకా తక్కువే చూపించవచ్చు. అసలేమీ చూపించకపోతే పోయినట్టే. చవక మీటర్ ఇంత చిన్న విలువని కచ్చితంగా చెప్పలేదు కాబట్టి 0.6 అయితే మంచిదా 0.8 అయితేనా అని బుర్ర పాడుచేసుకోకండి.

కొనేటప్పుడు వోల్టేజీ చూసి కొనండి. హీటర్ మీద 12 అని రాసి ఉన్నా, కొన్ని మోడళ్ళలో ప్లగ్ మాత్రం 8 వోల్టులది ఉంటుంది. 12 వోల్టుల హీటర్లో 24 వోల్టుల ప్లగ్ వేసుకుని “కొత్తది వేసినా అంతే సార్” అన్నవాళ్ళని చూశాను. రాణిగంజ్‌లో బేరింగు, బోల్టు ఏదడిగినా దొరుకుతుంది కానీ ఇది దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. పాత పింగాణీ ప్లగ్ మసికి అతుక్కుపోయి ఉంటుంది. బలవంతం చేస్తే మొన విరిగి లోపల ఉండిపోతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. విప్పారు కాబట్టి ప్లగ్ చుట్టూ ఉండే చిన్న ఇనుప జాలీ కూడా మార్చండి. డీజిల్ ఆ జాలీలో ఇంకే ఆవిరవుతుంది. ప్లగ్ కన్నా ఈ జాలీయే మూసుకుపోయిన కేసులు నాకు ఎక్కువ తగిలాయి.

బర్నర్ విప్పి మసి తీయడం

కిరసనాయిలు పంపు స్టౌ వాడిన ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. సన్న మంట మీద పెట్టి వదిలేస్తే మసి పడుతుంది. చిన్న వ్యాన్‌కి 5 కిలోవాట్ల హీటర్ బిగించుకుని రాత్రంతా అన్నిటికన్నా తక్కువ స్పీడులో తిప్పితే జరిగేదీ అదే. ఎత్తు పెరిగితే ఇంకా కష్టం. 3,500 మీటర్ల లేహ్‌లో గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే మూడోవంతు తక్కువ. గాలి తగ్గినా పంపు పాత లెక్కనే డీజిల్ పోస్తుంటుంది, అది పూర్తిగా మండక నల్ల మసి అవుతుంది. ఎత్తుకి తగ్గట్టు సర్దుకునే మోడల్ కాకపోతే పంపు లెక్క తగ్గించుకోవాలి.

అంటుకుంటోంది కానీ నల్ల పొగ, గుడగుడ చప్పుడు, కాసేపటికి ఆరిపోవడం ఉంటే మసే. కానీ నేను దీన్ని ఆఖరున పెడతాను. పని కష్టమని కాదు. బర్నర్ విప్పితే గ్యాస్కెట్లు, అంటే అతుకుల్లోంచి పొగ కారకుండా వేసే పట్టీలు, కొత్తవి వేయాలి, పాతవే బిగిస్తే పొగ క్యాబిన్‌లోకి రావచ్చు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఇంగ్లండ్ కాలవల్లో ఉండే పడవలకి 2019 నుంచి ఆ గ్యాస్ అలారం తప్పనిసరి చేశారు. మన వ్యాన్లకి ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ పెట్టరు. నేను పెట్టించకుండా బండి ఇవ్వను, దీని మీద గొడవపడి వెళ్ళిపోయిన కస్టమర్లూ ఉన్నారు, పోనీ. మసి తక్కువగా ఉంటే విప్పకుండా తెల్ల కిరోసిన్‌తో అరగంట ఫుల్ స్పీడులో తిప్పితే చాలావరకు కాలిపోతుంది.

మిగతావి

పొగే రానివాళ్ళకి: పడవల్లో, కొన్ని వ్యాన్లలో హీటర్ గొట్టాన్ని ట్యాంకు అడుగు దాకా దించరు. హీటర్ ఆయిలంతా తాగేసి ఇంజన్‌ని ఎండబెట్టకుండా ఈ ఏర్పాటు. ట్యాంకు పావుకి వస్తే ఇంజన్ నడుస్తుంది, హీటర్ మాత్రం గాలి పీలుస్తుంది. ముందు డీజిల్ పోయించండి. పంపుని పడుకోబెట్టి బిగించారేమో చూడండి, ఆయిల్ బయటికొచ్చే కొస కాస్త పైకి ఉండాలి. కొండల్లో అయితే డీజిలే గడ్డకట్టవచ్చు. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే చలికాలపు డీజిల్ తెచ్చింది, పైకి వెళ్ళాక అది నింపుకోండి. హైదరాబాద్‌లో ఫుల్ ట్యాంక్ కొట్టించి దాంతోనే కొండెక్కుదామనుకోవద్దు.

కొత్త హీటర్ కొనేయడం: కొనొచ్చు. పాత వైరుకే తగిలిస్తే అదీ అంటుకోదు.

మేనల్లుడు ఆర్డర్ పెట్టిన గ్లో ప్లగ్ వైరు మార్చిన నాలుగు రోజులకి వచ్చింది. ఇంకా ప్యాకెట్ విప్పలేదు. వెనక్కి పంపనా అంటే ఉంచుకోమన్నాను. జాలీ ఎందుకు తెప్పించలేదని మాత్రం తిట్టాను.