‘స్టేట్ అప్రూవ్డ్’ అన్న మాట నమ్మి 7,200 డాలర్లు కట్టాను: కాలిఫోర్నియాలో నర్సింగ్ చదవాలనుకునే మనవాళ్ళకు హెచ్చరిక

ఫ్రీమాంట్, శాన్ హోసే, సన్నీవేల్ చుట్టుపక్కల ఉంటూ, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యారు కదా, ఇక ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) చేద్దామా అని ఆలోచిస్తున్న అక్కాచెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అన్నదమ్ములు కూడా చదవచ్చు, ఎలాగూ గీకేది మీ క్రెడిట్ కార్డే. స్కూలు పేరు మాత్రం అడగకండి, చెప్పను. పేరు చెబితే ఆ ఒక్కదాన్నీ తప్పించుకుని, పక్కవీధిలో ఇదే సరుకు అమ్మే ఇంకోదానికి వెళ్తారు.

మాది తెనాలి దగ్గర. నాగార్జునా యూనివర్సిటీలో బీఎస్సీ మైక్రోబయాలజీ చేసి 2009లో బయటపడ్డాను. పెళ్ళి, హెచ్4 (హెచ్1 మీద ఉన్నవాళ్ళ జీవిత భాగస్వామికిచ్చే వీసా), ఇద్దరు పిల్లలు. మా ఆయన ఐ-140 (గ్రీన్‌కార్డు దారిలో ఒక మెట్టు) అప్రూవ్ అయ్యాక నాకు ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి, వచ్చింది. చదివిన చదువుకు ఇక్కడ సరిపడే ఉద్యోగం కనబడలేదు. నర్సింగ్ చేయాలన్న కోరిక మాత్రం మా అత్తగారు ఇక్కడ నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు పుట్టింది.

ఒక పుట్టినరోజు పార్టీలో ఎవరో నంబరిచ్చారు. ఫోన్ ఎత్తిన అబ్బాయి చక్కటి గోదావరి యాసలో మాట్లాడాడు. "అక్కా, కమ్యూనిటీ కాలేజీలో అన్నీ వెయిటింగ్ లిస్టులు, లాటరీలండీ. అక్కడ మీకు సీటొచ్చేసరికి మీ పాపే కాలేజీకెళ్ళిపోద్ది. మా దగ్గర అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ మూడూ 30 వారాల్లో అయిపోతాయి, ఇంట్లో కూర్చునే. స్టేట్ అప్రూవ్డ్ అండీ. ఏ కాలేజీ అయినా కళ్ళు మూసుకుని తీసుకుంటది." నర్సింగ్ సీటుకు ముందే చదివి ఉండాల్సిన సైన్సులు ఈ మూడూ. కోర్సుకు 2,400 చొప్పున మూడింటికి 7,200. ఆ వారంలోనే కడితే పుస్తకాలు ఉచితం.

లాటరీ మాట అబద్ధం కాదు. అందుకే మిగతాది కూడా నిజమే అనుకున్నాను.

అనాటమీ పూర్తయింది, నాకు ‘ఏ’ కూడా వచ్చింది. ఫిజియాలజీ మూడో వారంలో ఉండగా, దరఖాస్తు గడువు కనుక్కుందామని దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో కౌన్సెలర్ని కలిశాను. ఆవిడ నా మార్కుల కాగితం చూసి ఒక్కటే ప్రశ్న వేశారు: "ఈ స్కూలుకు అక్రెడిటేషన్, అంటే చదువుకు గుర్తింపు, ఇచ్చింది ఎవరు?" స్టేట్ అప్రూవ్డ్ అండీ అన్నాను. ఆవిడ నవ్వలేదు, చాలా మర్యాదగా కాగితం వెనక్కిచ్చారు. నర్సింగ్ దరఖాస్తుకు ఆ కోర్సు లెక్కలోకి రాదన్నారు. పార్కింగ్‌లో కారెక్కి ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు.

ఆ రోజు నుంచి నేర్చుకున్నది ఇది. ఇక్కడ ముద్రలు మూడు రకాలు, మూడూ వేరు వేరు ఆఫీసులవి. మొదటిది బీపీపీఈ అని, ప్రైవేటు స్కూళ్ళను చూసే రాష్ట్ర బ్యూరో. దాని అప్రూవల్ ఉంటే ఆ స్కూలు కాలిఫోర్నియాలో కనీస నిబంధనల ప్రకారం నడుస్తోందని అర్థం, అంతవరకే. దుకాణానికి లైసెన్సు ఉన్నంత మాత్రాన సరుకు బాగుంటుందని కాదు కదా. రెండోది కాలేజీ మొత్తానికి ఇచ్చే అక్రెడిటేషన్. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలకు ఏసీసీజేసీ అనే సంస్థ ఇస్తుంది. ఒక కాలేజీలో చదివిన క్రెడిట్లు ఇంకో కాలేజీ తీసుకోవాలంటే సాధారణంగా చూసేది ఈ తరహా అక్రెడిటేషన్‌నే. మూడోది బోర్డ్ ఆఫ్ రిజిస్టర్డ్ నర్సింగ్, అంటే బీఆర్ఎన్ అప్రూవల్. ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష రాసి ఆర్ఎన్ కావాలంటే మీరు చేసే నర్సింగ్ ప్రోగ్రాంకు ఇది ఉండి తీరాలి. నాకు అమ్మినవాళ్ళ దగ్గర ఉన్నది మొదటి ముద్ర ఒక్కటే. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, నాకు అడగడం తెలియలేదు అని కొన్నాళ్ళు నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఏ కాలేజీ అయినా తీసుకుంటుందని కూడా అన్నాడు కదా. అది అబద్ధమే.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి: నేను సంతకం పెట్టిన ఒప్పందంలోనే అంతా ఉంది. ఇక్కడ సంపాదించిన క్రెడిట్లు తీసుకోవాలా వద్దా అన్నది పూర్తిగా అవతలి కాలేజీ ఇష్టం అనే హెచ్చరికను ప్రైవేటు స్కూళ్ళు ఒప్పందంలో పెట్టాలని కాలిఫోర్నియా చట్టం. పెట్టారు. ఫోన్‌లో సంతకాలు పెడుతూ బొటనవేలితో పైకి తోసేసిన పేజీల్లో అదొకటి. స్కూల్ పెర్ఫార్మెన్స్ ఫాక్ట్ షీట్ అని ఇంకో కాగితం చేర్చుకునే ముందే ఇవ్వాలి. ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగం దొరికింది అన్నీ అందులో ఉంటాయి. దాని కింద నా పొడి అక్షరాలు నేనే పెట్టాను, అంకెలు చూడకుండా.

ఇప్పుడు అసలు దారి. కాలిఫోర్నియా నివాసులకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కు (క్రెడిట్‌కు) 46 డాలర్లు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ఒక్కొక్కటి ల్యాబ్‌తో కలిపి 4 లేదా 5 యూనిట్లు ఉంటాయి. మూడూ ఐదేసి వేసుకున్నా 690 డాలర్లు. 7,200 పక్కన ఈ అంకె పెట్టి చూసుకోండి. హెచ్4 వాళ్ళు ఏడాదికి పైగా ఇక్కడే ఉంటున్నట్టు కాగితాలు చూపిస్తే నివాసులుగా లెక్కలోకి వస్తారు. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) వాళ్ళకు ఆ వెసులుబాటు లేదు, వాళ్ళ ఫీజు చాలా ఎక్కువ. హెచ్4 మీద చదువుకోవడానికి వేరే వీసా అక్కర్లేదు. ఫాఫ్సా, అంటే చదువుకు ఫెడరల్ ప్రభుత్వమిచ్చే సాయం మాత్రం రాదు, ఆశ పెట్టుకోకండి.

ఈ మూడు సైన్సులూ కనీసం ‘సీ’తో పాసవ్వాలి, కానీ ‘సీ’లతో సీటు వస్తుందనుకోకండి. చాలాచోట్ల ఫిజియాలజీలో చేరాలంటే ముందు కెమిస్ట్రీ అడుగుతారు. ఇంగ్లిష్ కాంపోజిషన్ ఉంటుంది. కొన్ని కాలేజీలు సైన్సు కోర్సులు ఐదేళ్ళలోనో ఏడేళ్ళలోనో చేసినవే కావాలంటాయి. నా 2009 మైక్రోబయాలజీ అందుకే కాలం చెల్లిన మందుసీసా. అసలు ఇండియాలో చేసిన సైన్సులను ప్రీరెక్విజిట్లుగా (ముందే చదివి ఉండాల్సిన కోర్సులుగా) ఒప్పుకోని కాలేజీలు చాలా ఉన్నాయి. అయినా విదేశీ డిగ్రీలను విలువకట్టే సంస్థల సంఘం నేసెస్‌లో సభ్యులైన డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలతో డిగ్రీని కోర్సు వారీగా మూల్యాంకనం చేయించుకోండి. డిగ్రీ ఉన్నందుకు కొన్ని కాలేజీల్లో పాయింట్లు వస్తాయి. ల్యాబ్ ఆన్‌లైన్‌లో చేస్తే తీసుకుంటారా లేదా అన్నది ముందే అడగండి, ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు సాక్ష్యానికి రాదు, అది నాకు బాగా తెలిసొచ్చింది.

తర్వాత టీస్ అనే నర్సింగ్ ప్రవేశ పరీక్ష: రీడింగ్, లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ కలిపి 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో మామూలుగా కనీసం 62 శాతం రావాలి. మనకు లెక్కలు సులువే, ఔన్సులూ పౌండ్లే కొంచెం తిప్పలు పెడతాయి. సీట్లు కొన్ని కాలేజీలు పాయింట్ల మీద ఇస్తాయి, కొన్ని అర్హులందరి పేర్లూ వేసి లాటరీ తీస్తాయి. పాయింట్ల పద్ధతిలో ఇంగ్లిష్ కాకుండా వేరే భాష వస్తే దానికీ విలువుంది. రాష్ట్ర చట్టంలో ఆ భాషల వరుసలో భారత ఉపఖండపు భాషలు కూడా రాశారు. అంటే మన తెలుగు కూడా ఎక్కడో ఒకచోట పనికొస్తుందన్నమాట! ఎలా నిరూపించాలో కాలేజీని బట్టి ఉంటుంది, అడిగి తెలుసుకోండి. డి ఆంజా, ఓలోనీ, ఎవర్‌గ్రీన్ వ్యాలీ, షాబో, ఈ నాలుగు చోట్లా ఆర్ఎన్‌కు దారితీసే నర్సింగ్ ఉంది. ఒక్కదాని మీదే కూర్చోకుండా నాలుగింటి షరతులూ పక్కపక్కన రాసుకోండి.

సీటొచ్చాక రెండేళ్ళు. ఏడీఎన్ (ఈ రెండేళ్ళ నర్సింగ్ డిగ్రీ) చేసినవాళ్ళూ, నాలుగేళ్ళ బీఎస్ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్ డిగ్రీ) చేసినవాళ్ళూ రాసేది ఒకటే ఎన్‌క్లెక్స్. ఏడీఎన్ చేసినవాళ్ళు బీఎస్ఎన్‌ను తర్వాతైనా పూర్తి చేసుకోవచ్చు. క్లినికల్స్ (ఆసుపత్రిలో శిక్షణ) మొదలయ్యే ముందు టీకాలు, టైటర్లు (ఆ టీకాలు పనిచేస్తున్నాయో లేదో చూసే రక్తపరీక్షలు), డ్రగ్ టెస్టు, నేర చరిత్ర పరిశీలన ఉంటాయి. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్న మనలో చాలామందికి టీబీ చర్మపరీక్ష చేస్తే చెయ్యి ఉబ్బుతుంది. కంగారు పడకుండా రక్తపరీక్షతో చేయమని అడగండి.

ఇంకో ఉచ్చు కూడా చెప్పాలి, ఎందుకంటే రెండో దశలో నాకు అమ్మాలని చూసింది అదే. ఎల్‌వీఎన్ అంటే ఆర్ఎన్ కంటే కింది స్థాయి నర్సు లైసెన్సు. "ముందు ఎల్‌వీఎన్ చేసేయండక్కా, ఆ తర్వాత 30 యూనిట్లు చదివితే డిగ్రీ లేకుండానే ఆర్ఎన్ పరీక్షకు కూర్చోవచ్చు." ఆ 30 యూనిట్ల పద్ధతి కాలిఫోర్నియాలో నిజంగానే ఉంది. అలా వచ్చిన లైసెన్సును వేరే రాష్ట్రాలు చాలావరకు ఒప్పుకోవు, చేతిలో డిగ్రీ కూడా ఉండదు. మన బతుకులు హెచ్1 మీద నడిచేవి. మీ ఆయనకు రేపు డాలస్‌లో ఉద్యోగం వస్తే? అప్పుడు ఆ లైసెన్సు ఫ్రేము కట్టించుకుని గోడకు తగిలించుకోవడమే. పద్ధతిగా వచ్చిన కాలిఫోర్నియా లైసెన్సుతో కూడా టెక్సస్‌లో విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, ఎందుకంటే కాలిఫోర్నియా రాష్ట్రాల ఉమ్మడి లైసెన్సు ఒప్పందంలో లేదు.

"సీటు గ్యారంటీ", "క్లినికల్స్ మేం చూసుకుంటాం" అనేవాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. ఫ్లోరిడాలో 7,600కు పైగా దొంగ నర్సింగ్ సర్టిఫికెట్లు అమ్మిన కేసులో 2023 జనవరిలో 25 మంది మీద అభియోగాలు పెట్టారు. కొన్నవాళ్ళలో పరీక్ష పాసై ఉద్యోగాల్లో చేరినవాళ్ళు కూడా ఉన్నారు, తర్వాత వాళ్ళ లైసెన్సులకే ఎసరొచ్చింది. ఏ స్కూలైనా సరే, బీఆర్ఎన్ వెబ్‌సైటులో అప్రూవ్డ్ జాబితాలో ఉందో లేదో చూడండి. ఏటా ఎన్‌క్లెక్స్ ఎంతమంది మొదటిసారి పాసయ్యారో అక్కడే ఉంటుంది. అది 75 శాతానికి తగ్గకూడదని నిబంధన. ఇండియాలో బీఎస్సీ నర్సింగో జీఎన్ఎమ్మో (నర్సింగ్ డిప్లొమా) చేసి వచ్చినవాళ్ళకు మళ్ళీ మొదటి నుంచి చదవమని ఎవరైనా చెబితే, ముందు నేరుగా బోర్డుకే దరఖాస్తు పెట్టుకోండి. లోటు కోర్సులు ఉంటే వాళ్ళే చెబుతారు.

నా డబ్బు సంగతి. ఇప్పటికే కట్టేసినవాళ్ళు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. బీపీపీఈ కింద ఉండే స్కూలైతే, మొదటి క్లాసుకు హాజరైన రోజు వరకు గానీ, ఒప్పందం మీద సంతకం పెట్టి చేరాక ఏడో రోజు వరకు గానీ, ఏది తర్వాతైతే అప్పటిదాకా రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కివ్వాలి, 250 డాలర్లకు మించని దరఖాస్తు ఫీజు తప్ప. అది దాటినా, 60 శాతం కంటే ఎక్కువ చదవకపోతే మిగిలిన భాగానికి లెక్కకట్టి 45 రోజుల్లో ఇవ్వాలి. నేను మానేస్తున్నానని రాస్తే "ప్యాకేజీకి రిఫండ్ లేదండీ" అని జవాబొచ్చింది. అక్క అన్న పిలుపు ఆ మెయిల్లో లేదు. 30 వారాల్లో 13 వారాలే అయ్యాయి, 43 శాతం. ఆ లెక్క రాసి పంపి, వాళ్ళు కదలకపోతే బీపీపీఈకి ఫిర్యాదు పెట్టాను. రెండు నెలలకు, ఆ 250 తీసేసి మిగిలిన 17 వారాల లెక్కన, 3,938 డాలర్ల చెక్కు వచ్చింది. మిగతా 3,262 పోయినట్టే.

ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ మళ్ళీ మొదటి నుంచి చేస్తున్నాను. ల్యాబులో నా బల్ల మీద ఉన్న పిల్లలు మా పాప కంటే నాలుగేళ్ళు పెద్ద. బీపీపీఈకి నేను పంపిన ఉత్తరం, లెక్క కట్టిన కాగితం నా దగ్గరే ఉన్నాయి. అదే పరిస్థితిలో ఉన్నవాళ్ళెవరైనా అడగండి, పంపిస్తాను. ఒప్పందం మీద సంతకం పెట్టిన తేదీ మాత్రం ముందే వెతికి పెట్టుకోండి.