జీడిపప్పు కర్మాగారం నుంచి నాయకత్వ శిక్షణకు: బరంపురం శిబిరంపై ఒక సమీక్ష

ఒడిశాలోని బరంపురం ఊరి చివర, ఇచ్ఛాపురం వైపు వెళ్లే జాతీయ రహదారికి దగ్గరలో, మా కుటుంబానికి ఒక చిన్న జీడిపప్పు కర్మాగారం ఉన్నది. పలాసలో మేనమామల దగ్గర పని నేర్చుకున్న మా నాన్నగారు దీనిని మొదలుపెట్టారు. ఇప్పుడు పిక్కల కొనుగోలు, లెక్కలు అన్నయ్య చూసుకుంటారు. మనుషులను, పనిని నేను చూస్తాను. ఉడికించడం, కోత, పొట్టు తీయడం, గ్రేడింగ్ అన్నీ కలిపి 31 మంది పనిచేస్తారు. వారిలో సగం మందికి పైగా ఒడియా ఇళ్ల వారు, మిగిలిన వారు మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. నాన్నగారి రోజుల్లో నాయకత్వమనే మాట మా షెడ్డులో ఎవరూ పలికి ఉండరు. ఆయన గుమ్మంలో నిలబడి ఒక్కసారి దగ్గితే బస్తాలు కదిలేవి. నేను దగ్గితే మందు వేసుకోమంటారు.

తొమ్మిదేళ్లు మా దగ్గర పనిచేసిన గ్రేడింగ్ సూపర్‌వైజరు ఒక సోమవారం నుంచి రావడం మానేశాడు. జిల్లాలోనే వేరొక కర్మాగారంలో చేరాడని, అక్కడ జీతం కూడా పెద్దగా ఎక్కువేమీ కాదని తరువాత తెలిసింది. అతను వెళ్లిపోవడం కన్నా, ఎందుకు వెళ్లాడో నాకు ఏ మాత్రం అంతుపట్టకపోవడం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. వ్యాపారస్థులకు ‘ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్’, ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ నేర్పుతామంటూ బయటి నగరం నుంచి ఒక శిక్షణ సంస్థ మా ఊరిలో శిబిరం పెడుతున్నదన్న ప్రకటన ఆ రోజుల్లోనే కంటపడింది. ఒక్క శిబిరాన్ని చూసి సంస్థ మొత్తానికి ముద్ర వేయడం నాకు ఇష్టం లేదు కనుక దాని పేరు ఇక్కడ రాయడం లేదు.

రుసుము 14,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీతో కలిపి 16,520 అయింది. దీనికి ముందుగా పంపే ఒక ప్రశ్నావళి, రెండు రోజుల శిబిరం, ఆ తరువాత ఆరు వారాలలో మూడుసార్లు ఫోనులో వ్యక్తిగత సలహా ఇస్తామన్నారు. హోటలు హాలులో మేము 22 మందిమి ఉన్నాము: రైసు మిల్లుల వారు, నగల వ్యాపారులు, ఒక నర్సింగ్ హోము యజమానురాలు, ఇద్దరు కాంట్రాక్టర్లు, పట్టు చీరల టోకు వ్యాపారి ఒకరు. ఏర్పాట్లకు వంక పెట్టలేము. భోజనంలో దహీ బైగణ (పెరుగు వంకాయ) ఎంత బాగున్నదంటే, మధ్యాహ్నం మొదటి గంటలో శిక్షకుడు చెప్పినది మాలో ఎవరికీ సరిగా గుర్తు లేదు.

మొదటి రోజంతా ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్ గురించి. మన భాషలో హుందాతనమనీ, నలుగురిలో మాట నిలిచే తీరనీ చెప్పుకునే గుణమే అది. ఎలా నిలబడాలి, చేతులు ఎక్కడ ఉంచాలి, గొంతు ఎక్కడ తగ్గించాలి, ఏ రంగు చొక్కా వేసుకోవాలి అన్న వాటితో పూట గడిచిపోయింది. ఇందులో ఒక తమాషా ఉన్నది. అమెరికాలో సిల్వియా ఆన్ హ్యూలెట్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన సర్వే అంకెలను శిక్షకుడే తెర మీద చూపించాడు. ఆమె అడిగిన పెద్ద అధికారులలో 67 శాతం మంది గాంభీర్యమే ఈ గుణానికి ప్రధానమన్నారు, 28 శాతం మంది మాటతీరన్నారు, కేవలం 5 శాతం మంది వేషధారణ అన్నారు. ఆ అంకెలు చూపించిన మనిషే వేషధారణకు గంటన్నర, గాంభీర్యానికి ఇరవై నిమిషాలు కేటాయించాడు. ఒత్తిడిలో నిబ్బరంగా ఉండడం, నష్టమని తెలిసినా తీసుకోవలసిన నిర్ణయం తీసుకోవడం, పెద్దవాడి ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఆ గాంభీర్యంలోకి వచ్చే విషయాలు. వాటిని నేర్పడం కష్టం, టై కట్టుకోవడం నేర్పడం సులభం. అందుకే అలా జరిగిందనుకుంటాను. పిక్కలు ఉడికే షెడ్డులో కోటు వేసుకుని నిలబడే యజమానిని చూస్తే మా వాళ్లు ఇన్‌స్పెక్టర్ వచ్చాడనుకుంటారు.

అదే రోజున, మన మాట ప్రభావంలో పదాల పాలు 7 శాతమే, గొంతుది 38, ముఖకవళికలది 55 అని గట్టిగా చెప్పారు. ఇటువంటి శిబిరాలలో తరచుగా వినిపించే లెక్క ఇది, తరచుగా తప్పుగా వాడే లెక్క కూడా ఇదే. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన రెండు ప్రయోగాల నుంచి ఇది వచ్చింది. వాటిలో విడి విడి పదాలను రకరకాల గొంతులతో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, మాట్లాడినవారికి ఎదుటివారి మీద ఇష్టమున్నదా లేదా అని అడిగారు. ఇష్టాయిష్టాల గురించి చెప్పేటప్పుడు, మాట ఒకటి ముఖం మరొకటి చెబుతున్నట్టు అనిపించినప్పుడు మాత్రమే ఈ లెక్క వర్తిస్తుందని ఆయనే తరువాత స్పష్టం చేశారు. కూలి రేటు కిలోకు ఎంత పెంచుతున్నామో చెప్పేటప్పుడు పదాల విలువ 7 శాతమని ఎవరైనా అంటే, మా పొట్టు తీసే ఆడవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. ఈ సంగతి విరామంలో శిక్షకుడితో మర్యాదగానే చెప్పాను. ఆయన నవ్వి, మంచి ప్రశ్న అని, కార్డు ఇచ్చి వెళ్లిపోయాడు.

ఉదాహరణలన్నీ పెద్ద కంపెనీలవే. సత్య నాదెళ్ల పేరు చెప్పగానే తెలుగు తలలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి కానీ, ఆ తరువాత వచ్చినవన్నీ ఎయిర్ కండిషన్ గదులలో జరిగే సమావేశాలే. ఇదే బరంపురంలో 1894లో పుట్టి, రైల్వే కార్మికుల నాయకుడై, కేంద్ర కార్మిక మంత్రిగా, 1969లో రాష్ట్రపతిగా ఎదిగిన వి.వి. గిరి పేరు ఎవరికీ గుర్తుకు రాలేదు. యజమాని, కార్మికుడు తగాదాను ట్రిబ్యునళ్లకు వదిలిపెట్టకుండా ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన పట్టుబట్టి చెప్పిన పద్ధతి; దానికి ‘గిరి అప్రోచ్’ అన్న పేరు కూడా వచ్చింది. ఊరి వారికి ఊరి మనిషినే చూపించే అవకాశాన్ని చేజార్చుకున్నారు.

రెండవ రోజు ఉద్వేగ ప్రజ్ఞకు, అంటే ఎమోషనల్ ఇంటెలిజెన్స్‌కు, కేటాయించారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ 1990లో ఈ భావనకు శాస్త్రీయమైన రూపం ఇచ్చారని, 1995లో డేనియల్ గోల్‌మన్ దీనిని సామాన్య పాఠకుల దగ్గరకు తెచ్చారని చెప్పి, తన మనసులోనిదీ ఎదుటివారి మనసులోనిదీ గుర్తించడం, వాటి మధ్య తేడా తెలుసుకోవడం, ఆ తెలివిడితో నడుచుకోవడం అని దాన్ని సరిగ్గానే వివరించారు. ఆ తరువాత ఒక చక్రం బొమ్మ ఇచ్చి, ఈ మధ్య మీకు కలిగిన భావాలను అందులో గుర్తించమన్నారు. చక్రమంతా ఇంగ్లీషు మాటలే. నా పక్కన కూర్చున్న రైసు మిల్లు పెద్దాయన చాలాసేపు దానిని తిప్పి తిప్పి చూసి, ‘కోపం అని రాసేస్తాను’ అన్నారు.

నాకు అక్కడే ఒక ఆలోచన పుట్టింది. మన భాషలో ఒక్క కోపానికే ఎన్ని పేర్లున్నాయి! కినుక, అలక, ఉక్రోషం, కసి, ఉడుకుమోతుతనం, నొచ్చుకోవడం, చిన్నబుచ్చుకోవడం. వీటిలో ప్రతిదానికీ మందు వేరు. అలిగిన మనిషిని పలకరిస్తే చాలు. చిన్నబుచ్చుకున్న మనిషికి నలుగురి ముందు పోయిన మర్యాద నలుగురి ముందే తిరిగి ఇవ్వాలి. గ్రేడింగ్ బల్ల మీద 240 రకాన్ని, 320 రకాన్ని వేలి కొసతో వేరు చేయగల నేను, మనుషుల కోపాలన్నిటినీ ఇన్నేళ్లూ ఒకే డబ్బాలో పోస్తూ వచ్చాను. సరిహద్దు ఊరిలో దీనికి మరొక మెలిక ఉన్నది. ఒడియాలో ‘రాగ’ అంటే కోపం, మనకు రాగమంటే అనురాగం. మనకు అభిమానమంటే ప్రేమ. వారి ‘అభిమాన’లో మాత్రం దగ్గరివారి వల్ల మనసు నొచ్చుకున్న బాధ ఉంటుంది. ఆ సూపర్‌వైజరుకు మా మీద ‘అభిమాన’ ఉన్నదని ఎవరో ఎప్పుడో అంటే, నేను తెలుగు చెవితో విని సంతోషించిన రోజు కూడా ఒకటున్నది.

రుసుములో ఎక్కువ భాగం గిట్టుబాటు అయినది ప్రశ్నావళి వల్లనే. శిబిరానికి పది రోజుల ముందు, మీ దగ్గర పనిచేసేవారితో పేరు రాయకుండా నింపించి తెమ్మని దానిని పంపారు. అదీ ఇంగ్లీషులోనే ఉన్నది. మా అమ్మాయి ఒడియాలోకి మార్చింది, తెలుగులోకి నేను మార్చాను. మా తెలుగు ఇళ్ల వారిలోనూ చాలామంది చదివినది ఒడియా బడిలోనే కనుక, తెలుగు మాటలనే ఒడియా లిపిలో రాసి మరొక ప్రతి తయారుచేయవలసి వచ్చింది. ఈ పనికి మాకు రెండు రాత్రులు పట్టింది. ఇది సంస్థ చేసి ఇవ్వవలసిన పని. నిండిన కాగితాలను ఒక ఖాళీ పప్పు డబ్బాలో వేయమన్నాము. 26 వచ్చాయి: తెలుగువి 12, ఒడియావి 14.

వాటిని శిబిరంలో ‘జోహారీ కిటికీ’ అనే గడుల పట్టీలో సర్దించారు. మనకు తెలియకుండా ఇతరులకు మాత్రమే కనబడే మన గుణాలకు అందులో ఒక గడి ఉంటుంది. (పేరు విని ఏదో జోహారుకు సంబంధించినదనుకున్నాము, 1955లో దీనిని తయారుచేసిన జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగ్‌హామ్‌ల ముద్దుపేర్లు జో, హ్యారీలను కలిపారట.) నా పట్టీలో ఆ గడి నిండిపోయింది. తెలుగు కాగితాలలో ఎక్కువ వాటి సారాంశం ఇది: ‘ఒడియా వాళ్లను ఆపణ అని మర్యాదగా పిలుస్తారు, మమ్మల్ని మాత్రం ఒరే, ఒసే అంటారు.’ ఒడియా కాగితాలలో మరొక రకం ఫిర్యాదు: ‘మాతో నవ్వుతూనే మాట్లాడతారు, కానీ అసలు విషయాలు అన్నదమ్ములు మా ముందే తెలుగులో మాట్లాడుకుంటారు, మా గురించేనేమో అనిపిస్తుంది.’ మనవాళ్లు కదా అన్న చనువుతో తెలుగువారిని తిట్టాను, పరాయివారు కదా అన్న మర్యాదతో ఒడియావారిని దూరం పెట్టాను. రెండు వైపులా మంచివాడిననే అనుకుంటూ ఉన్నాను.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. పదిమంది లోపు పనివారున్న దుకాణాలలో ఇలా భాషల వారీగా కాగితాలు విడదీస్తే, ఏది ఎవరు రాశారో యజమాని ఇట్టే పోల్చుకుంటాడు. నగల వ్యాపారి ఒకరు హాలులోనే చేతిరాత గుర్తుపట్టి పళ్లు కొరకడం నేను చూశాను. ఇది శిక్షకుడు ముందే ఆలోచించవలసిన విషయం.

ఫోను సలహాలలో మొదటిది నలభై నిమిషాలు నడిచింది, చాలా బాగున్నది. సూపర్‌వైజరు సంగతి చెబితే, సలహాదారు అంతా విని, ‘మీరు ఆయనకు ఫోను చేశారా?’ అని మాత్రం అడిగి ఊరుకున్నారు. ఆ రాత్రే చేశాను. తన బల్లను కొత్త గదికి మార్చాలని అన్నయ్యా నేనూ అతని ఎదుటే తెలుగులో తేల్చుకున్నామని, లోడింగ్ కుర్రాడు చెప్పేదాకా తనకు తెలియలేదని, ఆ రోజు నుంచి మనసు విరిగిందని చెప్పాడు. తిరిగి రాలేదు, నేను అడగనూ లేదు. రెండవ సలహా ఒక కాగితం చూసి చదివినట్టుగా హిందీలో పదిహేను నిమిషాలలో ముగిసింది. మూడవది రెండుసార్లు వాయిదా పడి, ఇది రాసే నాటికి ఇంకా జరగలేదు.

ఇప్పుడు ఉదయం పని మొదలయ్యే ముందు ఆ రోజు సంగతులను మొదట ఒడియాలో, తరువాత తెలుగులో చెబుతున్నాను. అందరినీ మీరు అనే పిలవాలని నిశ్చయించుకున్నాను కానీ, అది అనుకున్నంత సులువుగా సాగలేదు. నాన్నగారి కాలం నుంచి ఉన్న ఒక పెద్దామెను ‘మీరు కూర్చోండి’ అనగానే ఆమె ముఖం వెలవెలబోయి, ‘ఏటి బాబూ, నా వల్ల తప్పేటైనా జరిగిందా?’ అన్నది. ఆమెకు నువ్వులోనే ఆప్యాయత ఉన్నది. ఎవరికి ఏ పిలుపు నచ్చుతుందో వారినే అడిగి తెలుసుకుంటున్నాను. ఇటువంటిది ఏ చక్రంలోనూ, ఏ పట్టీలోనూ లేదు.

ఇరవై మంది పైబడి పనివారున్నవారు, ప్రశ్నావళిని తమ వారి భాషలోకి మార్చుకునే ఓపిక ఉన్నవారు ఈ శిబిరానికి వెళ్లవచ్చు. మొదటి రోజు మధ్యాహ్నం భోజనానికి వెళ్లినా పెద్దగా పోయేది లేదు. సభలలో మాట్లాడేటప్పుడు వణుకు పోవాలని కోరుకునేవారు వేరే చోటు చూసుకోవడం మంచిది.

ప్రశ్నావళిని ఒడియాలో, తెలుగులో తయారుచేయమని, మా ప్రతులను ఉచితంగా వాడుకోవచ్చునని, అలా చేస్తే వచ్చే శిబిరానికి అన్నయ్యను పంపుతానని, మిగిలిన ఆ మూడవ సలహా సంగతి కూడా చూడమని సంస్థకు ఒక వివరమైన ఉత్తరం రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. తెరిచి చూస్తే, ముందుగా డబ్బు కట్టేవారికి పండుగ రాయితీ ఇస్తామన్న ప్రకటన, ఇంగ్లీషులో.