అడవి ముందా, పీహెచ్‌డీ ముందా?

ఎమ్మెస్సీ జువాలజీ ముగించి వన్యప్రాణి పరిశోధన వైపు రాదలచిన విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాగానే పీహెచ్‌డీలో చేరాలా, లేక ఒకటి రెండేళ్లు ప్రాజెక్టు అసిస్టెంటుగా అడవిలో పనిచేసి చేరాలా?

మొదటి దారికి బలం తక్కువేమీ కాదు. ఫెలోషిప్ అందుతుంది, మార్గదర్శి దొరుకుతారు, అధ్యాపక ఉద్యోగానికి ఉపకరించే పట్టా త్వరగా చేతికొస్తుంది. ప్రాజెక్టు ఉద్యోగమైతే నిధులు ఆగిననాడే ఆగిపోతుంది.

అయినా నా మొగ్గు రెండో దారికే, కారణం కాలం. జేఆర్‌ఎఫ్ రెండేళ్లు, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) మూడేళ్లు, మొత్తం 5 ఏళ్లే. అభయారణ్యంలో పరిశోధనకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి తప్పనిసరి. నా మొదటి ప్రతిపాదనకు అది వచ్చేసరికి వేసవి దాటిపోయింది. నీటిగుంటల దగ్గర కెమెరాలు బిగించవలసిన రోజుల కోసం మరో ఏడాది ఆగవలసి వచ్చింది. అప్పటికే పీహెచ్‌డీలో నమోదై ఉండడంతో ఆ ఏడాది నా ఫెలోషిప్‌లోంచే పోయింది.

ఇక అడవిని చదవడం నేర్చుకోవడానికీ సమయం పడుతుంది. 1900 తర్వాత జాడ తెలియని అరుదైన పక్షి కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ బయటపడింది స్థానిక వేటగాడి సాయంతోనే. రాత్రిపూట తిరిగే ఆ పక్షి ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య మట్టిని మెత్తగా చదును చేసి పట్టీలు పరిచారు. తెల్లవారాక వాటిపై పడిన అడుగుల్లో కలివికోడివి ఏవో, వేరే పిట్టలవి ఏవో విడదీశారు. ఆ పక్షి ఉండే చోటు మీదుగా వెళ్లవలసిన తెలుగుగంగ సాగునీటి కాలువ దారి మార్చడానికి ఆధారమైనది ఇలాంటి ఓపికైన పనే. ఆ చూపు అలవడకముందే సిద్ధాంతవ్యాసానికి అంశం ఖరారు చేసుకుంటే, అడవిలో లేని ప్రశ్నను అడవిలో వెతకవలసి వస్తుంది.

డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్ నడిపే వన్యప్రాణి ఎమ్మెస్సీలు మంచివే, డిగ్రీతోనే ఇటు వచ్చేవారికి. జన్యుపరీక్షలపై ఆసక్తి ఉంటే హైదరాబాద్ అత్తాపూర్‌లోని లాకోన్స్ (అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల సంరక్షణ ప్రయోగశాల) ఉంది. అక్కడి ప్రయోగశాల పనికి ఈ లెక్క అంతగా వర్తించదు. అటవీ సర్వీసు వైపు చూసేవారు గుర్తుంచుకోవాలి, అది ప్రధానంగా పరిపాలన, పరిశోధన కాదు.

రెండో దారి ఎంచుకునేవారు జేఆర్‌ఎఫ్ అవార్డు లేఖ గడువు ఎప్పటివరకో ముందే చూసుకోవాలి. సేకరించే సమాచారంలో కొంతైనా తర్వాత తమ సిద్ధాంతవ్యాసానికి వాడుకోవచ్చో లేదో ప్రాజెక్టు బాధ్యులను చేరకముందే అడిగి, ఆ జవాబు కాగితం మీద తీసుకోవాలి.