ఆరేళ్లుగా పాత సర్వరు వెనక వేలాడుతున్న డ్రైవు

చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో లెక్కలు, కంప్యూటర్లు రెండూ నేనే చూస్తాను. మా సర్వరు 2010 నాటి టవర్. పాత బయోస్ (ఆన్ చేయగానే ముందు లేచి, ఏ డ్రైవు నుంచి మొదలెట్టాలో చూసే ప్రోగ్రాం), అన్నీ యూఎస్‌బీ 2 పోర్టులే. లోపల డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, అందరి కంప్యూటర్లకూ ఫైళ్లు పంచే సాంబా షేర్‌లో ట్యాలీ లెక్కల డేటా. కొత్తది కొందామంటే మా ఓనరు "నడస్తానే ఉందిగా అబ్బాయ్" అంటాడు. అందుకని 2019లో 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు ఒకటి కొనిపించాను. బ్యాకప్‌కీ అదే, సర్వరు పడిపోతే బూట్ చేయడానికీ, అంటే దాన్నుంచే మెషీను లేపడానికీ, అదే.

బ్యాకప్ సంగతి తొందరగా చెప్పేస్తాను. యూఎస్‌బీ 2 వేగం కాగితం మీద 480 మెగాబిట్లు, చేతికొచ్చేది సెకనుకు ముప్పై ఎంబీ లోపే. మొదటిసారి 400 జీబీ క్లోన్ (ఉన్నదున్నట్టు నకలు) చేయడానికి దాదాపు నాలుగు గంటలు పట్టింది. ఆ తర్వాత రోజూ రాత్రి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాం మారిన ఫైళ్లే పంపుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే ఈ చిన్న డ్రైవును ముందు పోర్టుకు పెడితే కరెంటు చాలక టక్ టక్ అంటుంది. వెనక పోర్టుకు పెట్టాక ఆ చప్పుడు లేదు. వేగం కోసం యూఎస్‌బీ 3 కార్డు కూడా వేయించాను. లైనక్స్ లేచాక కార్డు బ్రహ్మాండంగా పనిచేస్తుంది గానీ, దానికి తగిలించిన డ్రైవు బయోస్‌కు కనపడదు. బూట్ కావాలంటే మళ్లీ పాత పోర్టే గతి.

అసలు కథ బూటింగ్‌లో ఉంది. మొదటిసారి ప్రయత్నిస్తే రూట్ డిస్కు (సిస్టమ్ ఉన్న డిస్కు) దొరకలేదని మధ్యలోనే ఆగిపోయింది. డ్రైవు తిరగడం మొదలెట్టేలోపే కెర్నల్, అంటే లైనక్స్ అసలు గుండె, వెతికేస్తోంది. లైనక్స్‌ను మొదలెట్టే గ్రబ్ ప్రోగ్రాంలో రూట్‌డిలే 10 అని, అంటే పది సెకన్లు ఆగమని, పెడితే లేచింది. ఆ సంతోషంలో బయోస్‌లో యూఎస్‌బీని మొదటి వరసలోనే వదిలేశాను.

కొన్నాళ్లకు కరెంటు పోయింది, యూపీఎస్ చేతులెత్తేసింది, సర్వరు దానంతటదే మళ్లీ లేచింది. అందరూ పని చేసుకుంటున్నారు. నాలుగో రోజు పొద్దున బల్ల కింద పడిన పెన్ను తీసుకోబోతే డ్రైవు లైటు మిణుకుమిణుకుమంటోంది. రాత్రి బ్యాకప్ టైములో తప్ప అది వెలగకూడదు. చూస్తే, మూడు రోజుల బిల్లులన్నీ ఎక్స్‌టర్నల్‌లోకే ఎక్కాయి! లోపలి డిస్కులో పాత డేటా అలాగే ఉంది. క్లోన్ చేసినప్పుడు యూయూఐడీ (డిస్కును గుర్తుపట్టే నంబరు) కూడా అదే వచ్చింది కాబట్టి, ఏది అసలో ఏది నకలో లైనక్స్‌కు తేడా తెలియలేదు. బ్యాకప్ ఫెయిలైందని లాగ్‌లో మూడు రాత్రులూ రాసే ఉంది. లాగ్ చూసే అలవాటు నాకప్పట్లో లేదు. ఓనరుకు ఇప్పటికీ చెప్పలేదు.

ఆ రాత్రే కూర్చుని డేటా వెనక్కి తెచ్చి, ఎక్స్‌టర్నల్‌కు కొత్త యూయూఐడీ ఇచ్చి, దాని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో రాసుండే ఫైలు), గ్రబ్ సరిచేశాను. ఆర్‌సింక్ ఆ ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌నూ బూట్ ఫోల్డర్‌నూ ముట్టుకోకుండా మినహాయింపు పెట్టాను. కెర్నల్ మారినప్పుడు మాత్రం చేత్తో చేసుకోవాలి.

2022లో ఒక నెల ఎనిమిదో తేదీన లోపలి డిస్కు నిజంగానే పోయింది. నెల అమ్మకాల జీఎస్టీ రిటర్ను జీఎస్‌టీఆర్-1కు పదకొండో తేదీ గడువు. ఎక్స్‌టర్నల్ నుంచి బూట్ చేసి, కొత్త డిస్కు వచ్చేదాకా తొమ్మిది రోజులు దాని మీదే నడిపాం. నలుగురూ ఒకేసారి ట్యాలీ తెరిస్తే బయటికెళ్లి టీ తాగి రావచ్చు, అంత నిదానం. కానీ రిటర్ను టైముకే పడింది.

కొనేవాళ్లకు నా మాట: పాత బయోస్, ఎంబీఆర్ (డిస్కు భాగాల పట్టిక రాసే పాత పద్ధతి) ఉన్న మెషీనుకు 2 టీబీ దాటిన డ్రైవు జోలికి పోవద్దు. బూట్ కోసమే అయితే యూఎస్‌బీ కేసులో పెట్టిన చిన్న ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే పళ్లెం లేని డ్రైవు) మేలు, కరెంటు తక్కువ తాగుతుంది.

ఇంకో శత్రువు దుమ్ము. ఆరిన కోత బురద మెత్తటి పొడై అన్నిట్లోకీ దూరుతుంది. అందుకని రెండో డ్రైవు కొని, వారానికొకటి మార్చి మార్చి ఒంగోలులో మా ఇంటికి తీసుకెళ్తున్నా, పాత స్టీలు టిఫిన్ డబ్బాలో గుడ్డ చుట్టి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు రోజైతే రెండూ ఇంటికే పట్టుకెళ్లాను. అప్పట్నుంచీ శనివారం సాయంత్రం నేను బండి తీస్తుంటే ఓనరే అడుగుతాడు, "డబ్బా పెట్టుకున్నావా అబ్బాయ్?" అని.